బిగువుకు దండం

బిగువా! నిన్ను కళ్లతో చూసినవాళ్లు లేరు. నట్టు కనబడుతుంది, బోల్టు కనబడుతుంది, వాషరు మీద పానా తిరిగిన గీత కూడా కనబడుతుంది. నువ్వు మాత్రం ఇనుము లోపల ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటావు. వేలెడు పొడవున్న బోల్టును బాగా బిగిస్తే అది సాగేది మిల్లీమీటరులో పదో వంతు, అటూ ఇటూగా ఒక వెంట్రుక మందం. ఆ వెంట్రుక మందంలోనే నీ కాపురం. సాగిన బోల్టు మళ్లీ తన పొడవుకు తాను రావాలని లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడే చక్రాన్ని హబ్బుకు పట్టి ఉంచుతుంది, హెడ్డును బ్లాకుకు అదిమి ఉంచుతుంది, తిరుత్తణి కొండ మలుపులో బండిలో కూర్చున్న అయిదుగురినీ రోడ్డు మీద నిలబెడుతుంది.

మా పక్క నీ పేరు చాలా చోట్ల వినబడుతుంది. పొదటూరుపేటలో మగ్గం ముందు కూర్చున్నాయన పడుగు మీద అరచెయ్యి ఆనించి నిన్నే అడుగుతాడు. పడుగు వదులైతే గుడ్డ ముడతలు పడుతుంది, మరీ బిగుసుకుంటే దారం తెగుతుంది. గుళ్లో డోలు వాయించేవాడు వారు లాగి, మూత మీద వేలితో కొట్టి నిన్నే వింటాడు. ఆడికృత్తికకు కావడి కట్టే పెద్దాయన ముడి వేశాక చివర్న ఒక్క గుంజు గుంజుతాడే, ఆ గుంజులోనూ నువ్వే. వీళ్లు నిన్ను ఏ అంకెతోనూ కొలవరు. వాళ్ల నాయన చెయ్యి చూసి వాళ్లకు వచ్చింది. మా మేస్త్రి చెయ్యి చూసి నాకు వచ్చింది.

తిరువళ్లూరు నుంచి తిరుత్తణి వచ్చే తిరుపతి రోడ్డు పక్కన, కనకమ్మసత్రం దాటాక, చింతచెట్టు కింద రేకుల షెడ్డు ఆయనది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. మా షెడ్డులో మటుకు బండి తెచ్చినవాళ్లతో తమిళం, పని నేర్చుకునే పిల్లోళ్లతో తెలుగు అట్లాగే సాగాయి. వచ్చేవన్నీ అంబాసిడర్లు, పద్మినులు. మద్రాసు నుంచి తిరుపతి పోయే ట్యాక్సీలు, తిరుత్తణి మురుగన్ దగ్గర పూజ చేయించుకుని తిరిగిపోయే కొత్త బండ్లు, అమావాస్యకు తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోనేట్లో బెల్లం వెయ్యడానికి వచ్చి దారిలో వేడెక్కి ఆగిపోయిన పాత బండ్లు.

ఆయన నట్టు బిగించేటప్పుడు మాట్లాడేవాడు కాదు. ముందు బోల్టు మరను కిరసనాయిలు గుడ్డతో తుడుస్తాడు. నట్టును రెండు వేళ్లతో పట్టి, మొదటి చుట్టు వెనక్కి తిప్పుతాడు. మర మరలో పడినప్పుడు చిన్నగా ఒక దిగుడు తెలుస్తుంది. అప్పుడు ముందుకు తిప్పుతాడు. చివరిదాకా వేళ్లతోనే. ఎక్కడైనా పట్టేస్తే బలం పెట్టడు, విప్పి మళ్లీ తుడుస్తాడు. నట్టు ఆనాక పానా వేస్తాడు. అక్కడి నుంచి ఆయన ముఖం మారిపోయేది. కళ్లు ఎటో చూస్తూ ఉండేవి, తల కొంచెం పక్కకు ఒరిగేది. మణికట్టులో మొదలైన బరువు మోచేతికి, మోచేతి నుంచి భుజానికి ఎక్కుతూ పోయేది. ఒకచోట ఆపేసేవాడు. ఎందుకక్కడే ఆపావని అడిగితే, "అదే చెప్తా ఉండాదిరా, నువ్వు వినాల" అనేవాడు.

వినడానికి నాకు రెండేళ్లు పట్టింది. బిగువా, నీ మాట నాలుగు మెట్లలో ఉంటుంది. నట్టు ఖాళీగా తిరగడం మొదటిది. వాషరుకు ఆని ఠక్కున ఆగడం రెండోది. ఆ తరవాత పానా ఎంత తిరిగితే అంత బరువు పెరుగుతూ పోతుంది. బోల్టు స్ప్రింగులా సాగుతున్న కాలం అది, నీ అసలు ఇల్లు అదే. ఇంకా తిప్పితే నాలుగోది వస్తుంది. బరువు పెరగడం ఆగిపోతుంది. పానా వెన్నలో తిరిగినట్టు మెత్తగా కదులుతుంది. ఆ మెత్తదనం ఒక్కసారి అరచేతికి తెలిస్తే జన్మలో మరిచిపోరు. అక్కడ నువ్వు చచ్చిపోయావని అర్థం.

నా చేతిలో నువ్వు ఒకసారి అట్లా చచ్చిపోయావు. కొత్తగా వచ్చిన మారుతి 800 అది. 1983 డిసెంబరులో ఆ కారు దేశంలో రోడ్డెక్కింది. మా షెడ్డుకు వచ్చేసరికి ఇంకొన్నేళ్లు పట్టింది. అంబాసిడరు హెడ్డు పోత ఇనుము. దానికి స్పార్క్ ప్లగ్గు బిగించి బిగించి నా చెయ్యి ఒక లెక్కకు అలవాటు పడి ఉంది. మారుతి హెడ్డు అల్యూమినియం. అదే చెయ్యి, అదే పానా, అదే లెక్క. మెత్తగా తిరిగింది. ప్లగ్గు విప్పితే దాని మర చుట్టూ వెండి తీగలా సన్నటి పెచ్చు చుట్టుకుని వచ్చింది. హెడ్డులో ఉండాల్సిన మర అది. మేస్త్రి తిట్టలేదు. ఆ తీగను విప్పి నా అరచేతిలో పెట్టి, హెడ్డు ఊడదీసి, తిరుత్తణిలో లేత్ దగ్గరికి తీసుకుపోయి బుష్ వేయించుకొచ్చాడు. ఇనుము ఓర్చుకునేది, అల్యూమినియం ఓర్చుకోదు. ఒక తరం మెకానిక్కుల చెయ్యి ఇనుము దగ్గర చదువుకుంది. లోహం మారిందన్న సంగతి చేతికి ఎవరూ చెప్పలేదు.

ఆ తరవాత నెలలోనే ఆయన మద్రాసు పోయి, జనరల్ ప్యాటర్స్ రోడ్డులో టార్క్ రెంచి కొనుక్కొచ్చాడు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మేస్త్రి, ఒక కుర్రవాడి చేతి తప్పుకు తన డబ్బుతో కొలత కొనుక్కొచ్చాడు. దాన్ని ఎర్రగుడ్డలో చుట్టి, పటాల పక్కన పెట్టి, కర్పూరం వెలిగించాడు. అప్పుడు మాకు అదొక కొత్త వస్తువు, అంతే. ఆ పూజ దేనికో నాకు ఇప్పుడు తెలుస్తోంది. సెప్టెంబరు 5న దేశమంతా గురువులకు దండం పెడుతుంది. 1888లో ఆ రోజున పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిది ఈ తిరుత్తణే. ఆ రోజు నేను దండం పెట్టుకునేది గ్రీజు అంటిన ఆ చేతికి, ఆ చేతిలోని రెంచికి కలిపి.

రెంచీ, నీ పుట్టుక కూడా నాకు ఇష్టం. న్యూయార్క్ నగర నీటి శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్ అనే ఆయన 1918లో నీకు రూపం ఇచ్చాడని చెబుతారు. నేల కింద గొట్టాల అంచులు కలిపే బోల్టులు ఒకటి ఎక్కువ బిగిసి, ఒకటి తక్కువ బిగిసి నీళ్లు కారకుండా ఉండడానికట. ఊరి దాహం దగ్గర పుట్టినదానివి నువ్వు. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణ నీళ్లు మా తిరువళ్లూరు పక్కన పూండిలో ఆగి మద్రాసుకు పోతాయి. ఆ దారిలో గొట్టం అంచు కలిసిన ప్రతిచోటా ఎవరో ఒకరు బోల్టులు సమంగా బిగించి ఉంటారు కదా అని, పూండి గట్టు మీద నిలబడినప్పుడల్లా అనుకుంటాను.

రెంచి వచ్చిన వారం మేస్త్రి ఒక పని చేశాడు. పొద్దున్నే ఒక కారు చక్రం నట్లు తన చేత్తో, తన లెక్కకు బిగించాడు. ఆపైన రెంచి పెట్టి ఒక్కొక్కటీ చూశాడు. దాదాపు అన్నీ దగ్గరగా ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు. మళ్లీ సాయంత్రం, రోజంతా గేరుబాక్సు దించి ఎక్కించిన తరవాత, అదే చక్రం విప్పి అదే చేత్తో బిగించాడు. ఈసారి అన్నీ తక్కువ వచ్చాయి. తన చేతికి మాత్రం పొద్దుటికంటే గట్టిగా బిగించినట్టే అనిపించిందట. ఆయన చాలాసేపు స్టూలు మీద కూర్చున్నాడు. "అలిసిపోయిన చెయ్యి అబద్ధం చెప్తుందిరా. అది అబద్ధమని దానికే తెలియదు" అన్నాడు. ఆ రోజు నుంచి చక్రాల నట్లకూ, హెడ్డు బోల్టులకూ రెంచి లేకుండా షెడ్డులోంచి బండి బయటికి పోలేదు. తన చేతిని అంత నిజాయితీగా పరీక్ష పెట్టుకున్న మనిషిని మరొకరిని నేను చూడలేదు.

అంకె సంగతి చెప్పాలి. మీటరు పొడవు పానా చివర పది కిలోల బరువు వేలాడదీస్తే వచ్చే తిప్పుడు బలం సుమారు 100 న్యూటన్ మీటర్లు. చిన్న కారు చక్రం నట్టు అడిగేది దాదాపు అంతే, బండిని బట్టి కొంచెం అటూ ఇటూ. అరవై కిలోల మనిషి నలభై సెంటీమీటర్ల రాడ్డు చివర ఎక్కి నిలబడితే 235 అవుతుంది. ఎక్కి ఎగిరితే ఎంతవుతుందో లెక్క లేదు. మన రోడ్ల మీద పానా ఎక్కి ఎగరడం రోజూ చూస్తున్నాం. పంక్చరు అంగట్లో గాలి గన్ను పెట్టి ట్ర్ర్ర్‌మనిపించి వదిలేయడం చూస్తున్నాం. అట్లా బిగిస్తే స్టడ్డు సాగిపోతుంది. నట్లు ఒకటొకటీ ఒక్కో బిగువులో ఉంటే బ్రేకు డిస్కు వంకరపోయి, బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది. ఇవన్నీ ఒక ఎత్తు. ఏ అర్ధరాత్రో, నగరి దాటాక, వానలో చక్రం పోతే డిక్కీలోని చిన్న రాడ్డుతో ఆ నట్టు ఊడదీయలేక రోడ్డు పక్కన కూర్చుండిపోయే మనిషి ఒక ఎత్తు. ఆ మనిషి ఒక ఆడకూతురు కావచ్చు, గుండెజబ్బున్న పెద్దాయన కావచ్చు. బిగించినవాడికి ఆ ముఖం కనబడదు. నాకు ఆ ముఖమే కనబడుతుంది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

వదులు సంగతి వేరే చెప్పక్కర్లేదు. చక్రం ముందు ఊగుతుంది, ఆ తరవాత ఊడుతుంది.

అయితే రెంచీ, నీ దగ్గర లేనిది కూడా చెప్తాను, కోపం తెచ్చుకోకు. నేను నూరు పాళ్ల బలం పెట్టి తిప్పితే సుమారు యాభై పాళ్లు నట్టు ముఖం వాషరు మీద రాసుకోవడానికే పోతుంది. ఇంకో నలభై పాళ్లు మర మీద మర రాసుకోవడానికి పోతుంది. బోల్టును సాగదీయడానికి మిగిలేది పది పాళ్లే. బిగువుకు దక్కే నైవేద్యం ఆ పదే. నువ్వు చూపించేదేమో నూరు. మరలో తుప్పు ఉంటే రాపిడి మరింత తింటుంది. నువ్వు టక్కుమంటావు, లోపల బిగువు ఉండదు. మరకు నూనె పూస్తే రాపిడి తగ్గి, అదే అంకెకు బోల్టు ఎక్కువ సాగిపోతుంది. పొడి మరకు రాసిన అంకెను నూనె మరకు వాడితే నష్టం. వంకరగా ఎక్కిన నట్టు దగ్గరా నువ్వు టక్కుమంటావు. ఇసుక రవ్వ మీద కూడా టక్కుమంటావు. ఆ తుప్పును, ఆ రవ్వను, ఆ వంకరను పట్టుకునేది నట్టును మొదటి చుట్టు తిప్పే రెండు వేళ్లే.

అందుకని వేళ్లు ముందు, రెంచి తరవాత. నా తీర్పు ఇది, దీన్ని ఎవరి ముందైనా చెప్తాను. అనుభవం ఉంది కాబట్టి రెంచి అక్కర్లేదనే మేస్త్రి దగ్గరా, రెంచి ఉంది కాబట్టి మర తుడవక్కర్లేదనే కుర్రవాడి దగ్గరా నా బండి వదలను.

చేతికే వదిలేయాల్సిన చోట్లు లేకపోలేదు. పది నంబరు పానాను చూడండి, ఎంత పొట్టిగా ఉంటుందో. పంతొమ్మిది నంబరుది ఎంత పొడుగు! పానా తయారుచేసినవాడు చేతికి ముందే హద్దు గీసి ఇచ్చాడు. చిన్న బోల్టుకు చిన్న పిడి, రెండు వేళ్ల బలం, అంతే. దానికి గొట్టం తగిలించి పొడుగు చేసుకున్నవాడు ఆ హద్దును దాటినట్టే. కొత్త ప్లగ్గుకు కూడా చెయ్యి చాలు: వేళ్లతో చివరిదాకా తిప్పి, వాషరు ఆనాక అర చుట్టు, మహా అయితే మరికాస్త. ఆ వెండి తీగ నా అరచేతిలో పడిన రోజు నుంచి నేను ఈ లెక్క తప్పలేదు.

ఇప్పటి ఇంజన్ల దగ్గర మటుకు చెయ్యి చేతులు కట్టుకోవాల్సిందే. చాలా వాటిలో హెడ్డు బోల్టును ముందు ఒక అంకెకు బిగించి, అక్కడి నుంచి 90 డిగ్రీలు, మళ్లీ ఇంకో 90 డిగ్రీలు తిప్పమంటారు. రాపిడి మోసం చేస్తుందని తెలిసి, బలాన్ని నమ్మడం మాని తిరిగిన కోణాన్ని నమ్మారు. ఆ బోల్టు కావాలనే సాగి లొంగే అంచుదాకా పోతుంది. ఒకసారి అంతదూరం పోయినది మళ్లీ తన పొడవుకు రాదు. అందుకే విప్పితే పారేసి కొత్తది వెయ్యాలి. ఒక్కసారే ఇచ్చే మాట అది.

మా జిల్లాలోనే ఈ రెండు లోకాలూ ఒక కంపెనీ పేరుతో కలిశాయి. చేతి లెక్కకు అలవాటైన అంబాసిడరును దశాబ్దాలపాటు బెంగాల్లోని ఉత్తరపాడలో తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్, 1998లో మిత్సుబిషీతో కలిసి తిరువళ్లూరు ఫ్యాక్టరీలో లాన్సర్ మొదలుపెట్టింది. మా రోడ్డు మీద ఆ నున్నటి కార్లు మొదటిసారి పోతుంటే మేస్త్రి పని ఆపి నిలబడి చూశాడు. ఆ ఫ్యాక్టరీలో పనికి చేరిన మా షెడ్డు పిల్లోడు ఒకడు పండక్కి వచ్చి, బోల్టు బోల్టుకూ అంకె రాసి ఉంటుందని చెప్తే, ఆయన ముఖం వెలిగింది. "మనమూ అదే చేస్తా ఉండాం కదరా" అన్నాడు. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. లాన్సర్లూ ఇప్పుడు ఎక్కడో ఒకటి కనబడతాయి. తిరువళ్లూరు నుంచి తిరుత్తణి దాకా రోడ్డు పక్కన షెడ్లు మాత్రం ఉన్నాయి. చింతచెట్టూ ఉంది.

మేస్త్రి పోయాక రెంచి నాకు వచ్చింది. దాన్ని చూసుకునే పద్ధతి కూడా ఆయనదే. దానితో నట్టు విప్పకూడదు, విప్పడానికి రాడ్డు వేరే. పిడి మధ్యలో పట్టుకుని, కుదుపు లేకుండా, బావిలోంచి నిండు చేద లాగినట్టు ఒకే వేగంతో లాగాలి. టక్కుమన్నాక ఆగాలి, నమ్మకం చాలక ఇంకోసారి టక్కుమనిపిస్తే ఆ రెండో దానితో అంకె దాటిపోతుంది. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. ఏడాదికొకసారి సరిచూపించాలి. రాత్రి షెడ్డు మూసే ముందు పిడి తిప్పి అడుగు అంకెకు దించాలి, లేకపోతే లోపలి స్ప్రింగు రాత్రంతా బిగువు మోస్తూ అలిసిపోయి, మర్నాటి నుంచి తప్పు చెప్తుంది. అలిసిపోయిన చెయ్యి లాగే.

బిగువా, ఆ దించే శబ్దం నాకు హారతి గంటలాంటిది. పగలంతా ఎన్నో బండ్లలో నిన్ను కూర్చోబెట్టి పంపాం. కొన్ని తిరుపతి కొండ ఎక్కుతూ ఉంటాయి, కొన్ని మద్రాసు చేరి ఉంటాయి. వాటిలో నిద్రపోతున్న పిల్లలకు నీ పేరు తెలియదు. చీకట్లో, తొంభై మీద పోతున్న చక్రం లోపల, నువ్వు రెప్ప వేయకుండా కూర్చుని ఉంటావు. అమ్మా, నీకు దండం.

కొత్త బండి కొని తిరుత్తణి తెచ్చేవాళ్లకు ఒక విన్నపం. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించండి, మంచిదే. చక్రం ఎప్పుడు విప్పి బిగించినా ఒక 100 కిలోమీటర్ల లోపు ఆగి, చల్లారిన చక్రం మీద నట్లు ఇంకొకసారి రెంచితో చూపించుకోండి. అయిదు నిమిషాల పని. మా షెడ్డులో దానికి డబ్బు తీసుకోము.